మేనేజరుకు దగ్గు రాకూడదు

నవంబరు 4

మా ముసలి కుక్క మేనేజర్ని ఈ రోజు అత్తయ్య గదికి పంపించేశాను. ఈ దగ్గు గోల సద్దుమణిగేదాకా వాడు పైన, నేను కింద. మధ్యలో ఉన్నది ఒక్క వరస మెట్లే. దానికి ఏడవడం ఎందుకో నాకే తెలియదు.

పొద్దున సున్నంగాడు దగ్గాడు. బ్యాంకు గుమాస్తా ఊరెళ్తూ శనివారం వదిలి వెళ్ళిన తెల్ల కుక్క. పొడి దగ్గు, చివర్న వాంతి చేసుకోబోతున్నట్టు ఒక శబ్దం. గొంతులో వెంట్రుక అడ్డం పడిందనుకుని నోరు తెరిచి, టార్చి వేసి మరీ చూశాను. ఊళ్ళెళ్ళేవాళ్ళ కుక్కల్ని ఇంట్లో పెట్టుకుని చూసుకోవడమే నా బతుకుతెరువు, ఆ దగ్గు ఏమిటో నాకు తెలియకపోవడమేంటి. తెలుసు. అయినా వెంట్రుక కోసం వెతికాను. గుమాస్తాకు ఫోన్ చేస్తే, ఇంట్లో కూడా ఒకటి రెండుసార్లు దగ్గాడనీ, చలికేమో అనుకున్నామనీ నీళ్ళు నమిలాడు. ఆ మాట శనివారం గేటు దగ్గర చెప్పి ఉంటే అతని ప్రయాణం ఆగేది. అందుకే చెప్పలేదు.

డాక్టరమ్మ వచ్చి చూసింది. గట్టి కుక్కలకు రెండు వారాల ఇబ్బందేననీ, మందులిస్తే తగ్గుతుందనీ చెప్పింది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది.

"వీడిని ముందు ఇక్కడినుంచి తీసేయండి. ఇది గాలిలో పోతుంది, గిన్నెల్లో పోతుంది, మీ చేతుల మీద, బట్టల మీద పోతుంది. ఈ వయసులో ఊపిరితిత్తుల్లోకి దిగితే లేవడు. మీరు కూడా దగ్గరికి వెళ్ళొద్దు" అంది.

వాడి ఉద్యోగమే అందరికీ ముక్కు ఆనించడం. కొత్త కుక్క వచ్చి మూల నక్కి వణుకుతుంటే నా బుజ్జగింపులు ఒక్కటీ పనిచేయవు. మేనేజరు తీరిగ్గా వెళ్తాడు, ముక్కుకు ముక్కు ఆనిస్తాడు, పక్కనే కూలబడి ఇంత ఆవులింత తీస్తాడు. అంతే, అది లేచి గిన్నె వైపు నడుస్తుంది. నీ వ్యాపారమంతా వాడి ఆవులింత మీదే నడుస్తోందని ఆయన ఎప్పుడూ అంటారు.

శనివారం సున్నంగాడి దగ్గరికి వెళ్ళాడా? వెళ్ళలేదు. ఆ రోజు వాడికి కాళ్ళ నొప్పులు, పరుపు మీంచి లేవలేదు. లేవలేదనే నాకు గుర్తు.

నవంబరు 5

అత్తయ్యకు కుక్కలంటే పడదు. కొడుకు లారీ తోలుకుంటూ వారాల తరబడి బయటే ఉంటే, కోడలు ఇంటినిండా కుక్కల్ని నింపిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. కింద వంటగదికి వచ్చినా శాలువా కొస ముక్కుకు అడ్డం పెట్టుకునే వస్తుంది. అలాంటి మనిషికి మేనేజర్ని అప్పగించాల్సి వచ్చింది. మంచం ఎక్కితే మాత్రం ఊరుకోనని ముందే చెప్పేసింది.

మెట్ల పైన అడ్డంగా చెక్క పెట్టించాను. పొద్దుట్నుంచీ వాడు ఆ చెక్కకు గడ్డం ఆనించి కూర్చున్నాడు. మొరగడు. మొరిగితే కసురుకోవచ్చు. అలా చూస్తాడంతే.

నవంబరు 6

కింద ఉన్న మిగతా రెంటిలో బొగ్గుకు కూడా వచ్చింది. మధ్యాహ్నానికి దొరసానికి. ఆ రెంటి యజమానులూ దూరాన ఉన్నారు, పంపించడానికి లేదు. పంపినా దారి పొడుగునా అంటిస్తూ పోతాయి. గేటుకు బోర్డు కట్టాను: ఇక్కడ కుక్కలకు దగ్గు ఉంది, మీ కుక్కల్ని ఈ వైపు తీసుకురావద్దు. ఎదురింటి టైలరు అది చదివి, తన బుల్లి కుక్కను చంకనెత్తుకుని వీధి ఆ చివర్నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాడు. మంచివాడు. బోర్డులో ఉన్నది ఉన్నట్టు చేసిన మనిషి ఈ వీధిలో అతనొక్కడే.

గిన్నెలు బ్లీచింగు నీళ్ళలో నానబెట్టడం, గచ్చు కడగడం, దుప్పట్లు మరిగించడం, మళ్ళీ గిన్నెలు. అందరికీ మెడపట్టీలు తీసేసి ఛాతీకి కట్టే పట్టీలు వేశాను, గొంతు మీద ఒత్తిడి పడితే దగ్గు తెర ఇంకా పొడుగవుతుంది. వేళ్ళ సందులు పగిలి మండుతున్నాయి. తల ప్రాణం తోకకొచ్చింది. తోకలున్నవాళ్ళు మాత్రం హాయిగా పడుకున్నారు.

మేనేజరు నిన్నట్నుంచి ఏమీ తినలేదట. అత్తయ్యను గుడ్డు పెట్టమన్నాను. పెట్టాను అంది. కోడి ఉడికించిన నీళ్ళు పోయమన్నాను. పోశాను అంది. బతిమాలమన్నాను. "కుక్కని బతిమాలడమేంటే" అంది. తర్వాత చెవొగ్గి విన్నాను. బతిమాలుతోంది.

డాక్టరమ్మ ఫోన్లో అడిగింది, ఈ ఏడాది మేనేజరుకు దగ్గు టీకా వేయించారా అని. తన దగ్గర వేసినట్టు గుర్తు లేదట. ఎక్కడో ఒకచోట వేయించే ఉంటానని చెప్పాను.

నవంబరు 7

వేయించే ఉంటాను.

నవంబరు 8

తిన్నాడు! మధ్యాహ్నం గిన్నెడు తిన్నాడని అత్తయ్య పైనుంచి కేకేసి చెప్పింది. ఆ గొంతులో గర్వం చూడాలి, వంట పోటీలో బహుమతి వచ్చినట్టు. ఏం చేశారని అడిగితే, "నా తిప్పలు నేను పడ్డానులే, నీకెందుకు" అంది. నాకూ ఆకలి గుర్తొచ్చింది. రెండు రోజుల తర్వాత కూర్చుని తిన్నాను.

ఆయన ఫోన్ చేశారు. లారీ ఎక్కడో దారిలో ఆపుకుని, వాడికి ఫోన్ పెట్టమన్నారు. వాడు పైన ఉన్నాడంటే అమ్మకు చెయ్యనా అన్నారు. చేసినట్టున్నారు. పైన చాలాసేపు అత్తయ్య నవ్వింది.

నా పనిబట్టల స్వెట్టర్ కనిపించడం లేదు. పాత ఊదారంగుది. ఉతకాల్సిన బకెట్లోనే పడేసినట్టు గుర్తు. ఈ హడావుడిలో దుప్పట్లతో కలిపి మరిగించేశానేమో. పోతే పోనీ, మోచేతుల దగ్గర ఎప్పుడో చిరిగింది.

నవంబరు 10

స్వెట్టర్ దొరికింది.

చెక్క పక్కనుంచి మేనేజర్ని తొంగి చూద్దామని నాలుగు మెట్లు ఎక్కాను. గది తలుపు తీసే ఉంది. వాడు అత్తయ్య మంచం పక్కన పడుకున్నాడు, మూతి కింద ఊదారంగు చెయ్యి కనిపించింది. మిగతాదంతా వాడి పొట్ట కింద ఉంది. ముక్కు ఆ చేతి మడతలోకి దూర్చి మరీ నిద్రపోతున్నాడు.

ఆ స్వెట్టర్ వేసుకునే నేను సున్నంగాడిని ఒళ్ళో పెట్టుకుని మందు తాగించింది. వాడు దగ్గిందంతా దాని మీదే.

అత్తయ్యను కేకేశాను. కడిగేద్దామనే పిలిచాను, ఒంటికాలి మీద లేచి ఉన్నాను. ఆవిడ నవ్వుకుంటూ వచ్చింది. నేను పట్టేశానని సిగ్గుపడి, మొన్న తెల్లవారుజామున నేను నిద్రలో ఉండగా తనే కిందికొచ్చి బకెట్లోంచి తీసుకెళ్ళానని చెప్పింది. "నీ వాసన కావాలే వాడికి. అది పరిచాక చూడు, ఒక్క దూకున వచ్చి పడుకున్నాడు. ఇంతింత ముద్దలు పెడితే తిన్నాడు" అని అరచెయ్యి చూపించింది. అరచేతికి ఇంకా గుడ్డు అంటుకుని ఉంది. కుక్క నీడ పడినా చీర దులుపుకునే మనిషి, చేత్తో ముద్దలు పెట్టింది.

అది ఇటివ్వండి, ఉతికిస్తాను, మురికిగా ఉంది అన్నాను. అంతే అన్నాను. ఆవిడ తెచ్చి ఇచ్చేసింది.

నవంబరు 11

దగ్గలేదు. మూడుసార్లు అడిగాను. అన్నిసార్లు అడగడమెందుకని అత్తయ్య కసిరింది. పైన చేతులు సబ్బుతో కడుక్కోమనీ, దుప్పటి మార్చమనీ చెప్పాను. స్వెట్టర్ మాట ఎత్తలేదు.

నవంబరు 12

దగ్గలేదు.

నవంబరు 13

నేను గిన్నెలు తోముతున్నాను. పైనుంచి వినిపించింది. ఒక్కసారే. గొంతులో వెంట్రుకేమో.

సాయంత్రం మళ్ళీ దగ్గాడు. వెంట్రుక కాదు.

నవంబరు 14

డాక్టరమ్మ కింద ఏ కుక్కనూ ముట్టకుండా నేరుగా పైకెళ్ళి చూసింది. ముందుగా చూసుకున్నాం కనక మందులు పని చేయొచ్చని చెప్పింది. వచ్చింది కదా, ఇక ఈ దూరం దేనికి, నేను పైకెళ్ళి వాడి దగ్గర కూర్చుంటానన్నాను. వద్దంది. కింద మూడింటిలో ఒక్క రకం జబ్బే ఉందని నమ్మకం లేదట, వాడున్న స్థితిలో ఇంకోటి తోడైతే తట్టుకోలేడట. "మీరు ప్రేమతో వెళ్తారు. మీతో పాటు ఇంకేం వెళ్తుందో మనకి తెలియదు కదండీ" అంది. చిన్న పిల్లే, కానీ మాట భలే నెమ్మదిగా దించుతుంది.

జబ్బు పైకి ఎలా వెళ్ళిందని కూడా అడిగింది. నా చేతుల మీదే వెళ్ళి ఉంటుందన్నాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వింటోంది.

నవంబరు 15

ఆవిరి పట్టడం ఎలాగో మెట్ల కింద నిలబడి అరిచి చెప్పాను. స్నానాల గది తలుపు మూసి, వేడి నీళ్ళు వదిలి, గది ఆవిరితో నిండాక వాడిని పక్కన పెట్టుకుని కూర్చోవాలి. వాడికి భయం వేస్తే? మీరూ కూర్చోండి. ఎంతసేపు? వాడి ఊపిరి తేలికయ్యేదాకా. తేలికైందని నాకెలా తెలుస్తుంది? తెలుస్తుంది అత్తయ్యా.

చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చి, నాకు మోకాళ్ళ నొప్పులు కూడా తగ్గినట్టున్నాయి అంది. ఆవిడ అబద్ధం కూడా ఎంత బాగా ఆడుతుందో.

కింద సున్నంగాడు బంతి పట్టుకొచ్చి నా కాళ్ళ మీద పడేశాడు. వాడికి తగ్గిపోతోంది. వాడిని తిట్టాలనిపించింది. వాడి తప్పేముంది, బంతి విసిరాను.

నవంబరు 16

జ్వరం. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయట. డాక్టరమ్మ సూది వేసి వెళ్ళింది. ఈసారి వెళ్ళేటప్పుడు నా వైపు చూడలేదు.

నవంబరు 17

మధ్యాహ్నం గిన్నెల పని వదిలేసి కింది మెట్టు మీద కూలబడ్డాను. అత్తయ్య వచ్చి చెక్క అవతల పై మెట్టు మీద కూర్చుంది. శాలువా ఒంటి మీద లేదు. వాడికి కప్పిందట.

"ఒకటడుగుతాను, నిజం చెప్పు. ఆ స్వెట్టర్ వల్లే కదూ?" అంది.

కాదన్నాను. ఎండకు ఆరింది కదా, అందులో ఏముంటుంది అన్నాను. బకెట్లో ఉన్న బట్టకు ఎండెక్కడిదో నేనే చెప్పాలి.

"అబద్ధమాడితే కాస్త నమ్మేట్టు ఆడవే" అంది.

అప్పుడు చెప్పేశాను. సున్నంగాడు వచ్చిన శనివారమే మేనేజరు వాడి దగ్గరికి వెళ్ళాడు, ముక్కు ఆనించాడు, ఆవులించాడు. నేను పక్కనే నిలబడి చూశాను. చూసి మురిసిపోయాను కూడా. లేవలేదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటున్నాను. టీకా కూడా వేయించలేదు. గేటు దాటి లోపలికొచ్చే ప్రతి కుక్కకూ టీకా అయిందా లేదా అని నిలదీసి అడుగుతాను, లేదంటే వెనక్కి పంపేస్తాను. వీడు గేటు దాటి రాలేదు. వీడెప్పుడూ గేటుకు ఇవతల, నా పక్కన నిలబడి వచ్చినవాళ్ళను చూసేవాడే. వీడిని అడగాలని నాకు తోచలేదు. వాడు కుక్కన్న సంగతే మర్చిపోయాను కాబోలు.

"ఇన్నింట్లో దేని వల్ల వచ్చిందో నాకు తెలియదు అత్తయ్యా. డాక్టరమ్మక్కూడా తెలియదు. అంతా మీ నెత్తిన వేసుకోకండి" అన్నాను.

అత్తయ్య గది వైపు తిరిగింది. లోపలినుంచి వాడి ఊపిరి వినిపిస్తోంది, చివర్న ఈల వేసినట్టు.

"గుడ్డు పెట్టాను, బ్రెడ్డు పెట్టాను, నా కంచంలో ఉన్నదీ పెట్టాను. మొహం అటు తిప్పుకున్నాడే. నేను పెడితే తినడన్నమాట అని ఎంత ఉక్రోషం వచ్చిందో" అని కళ్ళు తుడుచుకుంది. "సర్లే. ముందు వాడు బతకనీ. తప్పెవరిదో తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం."

లేచి లోపలికెళ్ళింది. నేనూ గిన్నెల దగ్గరికెళ్ళాను. ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడా నేనూ ఇంతసేపు ఒకచోట కూర్చోవడం ఇదే మొదలనుకుంటాను. ఒకచోట అనకూడదేమో.

నవంబరు 18

తినలేదు. అత్తయ్య నీళ్ళు వేలితో నోట్లో పెడుతోంది.

నవంబరు 19

పొద్దున్నే పైనుంచి ఏ చప్పుడూ లేదు. దగ్గు లేదు, ఈల లేదు, అత్తయ్య చెప్పుల చప్పుడు లేదు. పిలవడానికి భయం. పిలిస్తే ఆవిడ బయటికొచ్చి ఏదో ఒకటి చెబుతుంది, చెప్పేదాకా ఏమీ కానట్టే కదా. దొరసాని గిన్నెను కడిగిందే కడిగాను.

ఇక ఉండబట్టలేక మెట్లెక్కాను. చెక్క మీంచి చూస్తే మంచం మీద ఇద్దరూ ఉన్నారు. మంచం ఎక్కితే ఊరుకోనన్న మనిషి, వాడి తల తన భుజం మీద పెట్టుకుని, గోడకు చేరగిలబడి నిద్రపోతోంది. తల ఎత్తుగా ఉంటే ఊపిరి తేలిగ్గా ఆడుతుందని ఆవిడకెవరు చెప్పారో. నేనైతే చెప్పలేదు. వాడి డొక్క మెల్లిగా లేస్తోంది, మెల్లిగా పడుతోంది.

వాడు ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. తోక దుప్పటి కింద ఒక్కసారి కదిలింది. అత్తయ్య లేస్తుందని కాబోలు, అంతకుమించి కదలలేదు.

దిగివచ్చి బొగ్గును కావలించుకుని ఏడ్చాను. అది దగ్గుతూనే నా మొహమంతా నాకింది.

నవంబరు 20

సగం గుడ్డు తిన్నాడు. అత్తయ్య చేత్తో. స్వెట్టరూ లేదు, ఏమీ లేదు.

నవంబరు 29

సున్నంగాడిని గుమాస్తా వచ్చి తీసుకెళ్ళాడు. తిట్లన్నీ వరసగా పేర్చి పెట్టుకున్నాను. అతను గేటు బయటే నిలబడి తలొంచుకుని, మీ పెద్ద కుక్క ఎలా ఉందండీ అని అడిగాడు. బతికింది అన్నాను. ఈసారి ఒక్క దగ్గు దగ్గినా ముందు నాకు చెప్పమన్నాను. పేర్చుకున్నవి పేర్చినట్టే ఉండిపోయాయి.

డిసెంబరు 4

కింద అందరూ వెళ్ళిపోయారు. గదులన్నీ కడిగి, తలుపులు బార్లా తీసి ఎండబెట్టాను. డాక్టరమ్మ మేనేజరు గుండెకు గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. జబ్బు పోయిందంది. నేను ఎగిరి గంతేసేలోపే మిగతాది చెప్పింది. ఊపిరితిత్తుల్లో ఒక పక్క దెబ్బతిందట, అది ఇక బాగుపడదట. టీకా వేస్తుందట, కానీ దాన్ని నమ్ముకుని వాడిని మళ్ళీ వచ్చేపోయే కుక్కల మధ్య వదలకూడదట. ఇంకొక్కసారి ఇలాంటిది తగిలితే లేవడు.

అంటే కింద కుక్కలున్నంత కాలం వాడు కిందికి రాకూడదు.

మూసేస్తాను అన్నాను. ఆ మాట అనేశాక గుండె తేలికైంది కూడా. కుట్టుపని నేర్చుకుంటాను, ఎదురింటి టైలరు నేర్పుతాడు. అత్తయ్య విని తుపాకిలా పేలింది. పెళ్ళైన కొత్తలో నేను వంట నేర్చుకుంటానంటే నమ్మిందట, ఇప్పటికీ ఆ ఫలితం తింటోందట. "వాడు నా దగ్గరుంటాడు. మంచం మీద నా చోటు, వాడి చోటు సర్దుకున్నాం. నువ్వు కింద నీ పని చూసుకో. బయటివాళ్ళ కుక్కల్ని నీలాగా ఎవరు చూస్తారే" అంది.

ఆ చివరి మాట ఆవిడ నోట వింటానని నేను అనుకోలేదు. దానికి సంతోషించాలో, మొదటి మాటకు ఏడవాలో తెలియలేదు.

డిసెంబరు 6

ఆలోచిస్తున్నాను. అత్తయ్య మాత్రం వాడికి పైన కిటికీ దగ్గర కుర్చీ వేసేసింది.

డిసెంబరు 9

మళ్ళీ గేటు తెరిచాను. పొద్దున ఒక కొత్త కుక్క వచ్చింది. మూలకు నక్కి వణికింది. పక్కన నేలమీద నేనే కూలబడి ఆవులించాను. నన్ను చూసి ఇంకా వణికింది. ఏదో ఒకటి నేర్చుకోవాలి.

మధ్యాహ్నం తలంటుకుని, సబ్బుతో మోచేతుల దాకా తోముకుని, పైకోసమని విడిగా దాచిన బట్టలు కట్టుకుని వెళ్ళాను. ఇక రోజూ ఇంతే. చెక్క తీసేసి ఉంది. మేనేజరు కుర్చీలోంచి దిగి వచ్చాడు. సన్నబడ్డాడు. నా కాళ్ళు, చేతులు, బట్టల అంచులు వాసన చూశాడు. సబ్బు తప్ప ఏమీ లేదు కదా నా మీద, కొత్తగా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు. ఆ కాసేపు నా ప్రాణం నాలో లేదు. ఏరా అన్నాను. ఆ మాట వినగానే ఒళ్ళంతా ఊగిపోతూ ఒళ్ళోకి ఎక్కేశాడు. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది, మాకు అడ్డం రాకూడదని.

కింద బండి హారన్ వినిపించింది. ఇంకెవరో కుక్కను తెచ్చారు. లేచాను. వాడూ లేచాడు. నా వెనకే మెట్ల దాకా వచ్చాడు, నేను మొదటి మెట్టు దిగాను, వాడు పైనే ఆగాడు. చెక్క లేదు. ఎవరూ వద్దనలేదు. చెవులు రెండూ ముందుకు పెట్టి నా మొహంలోకే చూస్తున్నాడు.

పిలిస్తే వచ్చేవాడు. పిలవలేదు.